పొడి ఎమ్రీ పేపర్ మెసేజ్ పంపేవాళ్లకు

"దసరాకి పెయింటర్ ఎందుకు దండగ, గ్రిల్స్ మీరే గీకి రంగేసుకోండి" అనే మెసేజ్ బెంగళూరు తెలుగు గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా పంపనివాళ్లు లేరు. అందులో చెప్పినవి ఐదు. చట్టం వచ్చింది కాబట్టి రంగుల్లో సీసం (లెడ్ అనే విషలోహం) భయం లేదు. వాసన రాని రంగులో అసలే ఉండదు. పాత రంగును పొడి ఎమ్రీ పేపర్‌తో గీకండి, పిల్లల్నీ కలుపుకోండి, వాళ్లకు సరదా. పెన్సిల్ కొరికితే సీసం ఎక్కుతుంది. రాగి సంకటి తింటే ఎక్కిన సీసం దిగుతుంది.

పెన్సిల్లో ఉండేది గ్రాఫైట్, అంటే ఒక రకం కార్బన్, సీసం కాదు. వాసన రంగును పలచన చేసే థిన్నర్‌ది, సీసానిది కాదు. ఈ రెండూ ఇంతే.

చట్టం మాట నిజమే. 2016లో వచ్చిన నిబంధనలతో 2017 నవంబర్ 1 నుంచి ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదు. కానీ అది అప్పట్నుంచి తయారైన డబ్బాలకు వర్తిస్తుంది, మీ కిటికీకి కాదు. 2005లో కట్టిన ఇంటి గ్రిల్ మీద పైపొర కొత్తదే, కింది పొరలు పాతవి. పసుపు, నారింజ, ఆకుపచ్చ ఎనామెళ్లను (నిగనిగలాడే ఆయిల్ పెయింట్లను) ముందు అనుమానించాలి, సీసం ఉన్న లెడ్ క్రోమేట్ అనే రంగుపొడి ఎక్కువగా వాడింది ఆ రంగుల్లోనే.

ఇక మూడోది. పిల్లలకు సరదా అట! ఒక శాతం సీసం ఉన్న రంగు గ్రాము రాలితే అందులో సీసం 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. పిల్లల రక్తంలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉంటేనే ఎక్కడినుంచి వస్తోందో వెతకమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. పొడిగా గీకితే లేచే దుమ్ము నేల మీద, పరుపు మీద, పాకే బిడ్డ చేతుల మీద కూర్చుంటుంది. బిడ్డ హుషారుగానే కనిపిస్తుంది, దెబ్బ మెదడుకు తగులుతుంది. ఇది పంపేముందు ఒక్కసారి ఆలోచించలేరా?

రంగు లేవకపోతే గీకొద్దు, కడిగి పైనే కొత్త కోటు వేయండి. పెచ్చులూడుతుంటే పిల్లల్ని, గర్భిణుల్ని పని ముగిసి తుడిచేదాకా వేరే ఇంటికి పంపండి. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు టేపుతో అంటించండి. స్ప్రే బాటిల్‌తో తడుపుతూ వాటర్ పేపర్‌తోనే (తడిపి వాడే ఎమ్రీ పేపర్) రుద్దండి, ఆరిందంటే మళ్లీ తడపాలి. రంగును కాల్చి ఊడదీసే బ్లో ల్యాంపు, హీట్ గన్ వద్దు, వేడికి సీసం పొగై లేస్తుంది. ముఖానికి కట్టిన కర్చీఫ్ ఆ దుమ్మును ఆపదు, ఎన్95 కావాలి. పనయ్యాక చీపురు పట్టొద్దు. షీటును లోపలికి మడిచి మూట కట్టి, రెండు బకెట్లతో తుడవండి: ఒకదాంట్లో సబ్బునీళ్లు, రెండోది గుడ్డ జాడించడానికి. పనిలో వేసుకున్న బట్టలు విడిగా ఉతికి, స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోండి. ఇప్పటికే పొడిగా గీకేసినవాళ్లు పిల్లల డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. నరం నుంచి తీసిన రక్తమైతే మేలు, వేలు గుచ్చి తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి లెక్క తప్పొచ్చు.

రాగి సంకటి విషయంలో మాత్రం ఆ మెసేజ్‌కి కొంత మార్కు ఇవ్వాలి. ఎక్కిన సీసాన్ని అది దింపదు. కానీ ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే పేగులు సీసాన్ని ఎక్కువగా లాక్కుంటాయి. రాగుల్లో కాల్షియం దండిగా ఉంది. పెట్టండి, ఖాళీ కడుపుతో ఉంచకండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు చేయాల్సిన పని వేరే ఉంది. ఇండస్ట్రియల్ పెయింట్లకు ఆ 90 పీపీఎం పరిమితి లేదు, పార్కు ఊయలకూ జారుడుబండకూ పూసేది తరచూ అవే. కొటేషన్‌లోనే "ఇళ్లకు వాడే రకం, సీసం 90 పీపీఎం లోపు" అని రాయించి, డబ్బాలు వచ్చాక లేబుల్ చూసి, ఫోటో తీసుకుని, అప్పుడే మూత తీయనివ్వండి. గ్రూపులో ఆ ఫోటో పెట్టండి.