సగటు రాబడి గారికి, నల్లగొండ నుంచి

శ్రీమాన్ సగటు రాబడి గారికి,

క్లాక్ టవర్ దగ్గరి చాయ్ కొట్టు బల్ల మీద కూర్చొని రాస్తున్నా. మనకు పరిచయమైంది ఇక్కడే. 2010 జనవరిలో మా ఏజెంటు ఇదే బల్ల మీద కాగితం పరిచి, "సార్, రెండేళ్ల సగటు ఏడాదికి 14 శాతం" అని మిమ్మల్ని చూపించాడు. చాయ్ డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను.

2007 చివర్లో బత్తాయి తోట మీద వచ్చిన లక్షను సెన్సెక్స్ వెంట నడిచే ఫండులో పెట్టాను. అప్పుడు సెన్సెక్స్ 20,287. ఏడాది తిరిగేసరికి 9,647, అంటే 52 శాతం మాయం. 2009 చివరికి 17,464, అంటే 81 శాతం లాభం. 81లోంచి 52 తీసి రెండుతో భాగిస్తే మీరు పుట్టారు. సంతోషం. మరి నా లక్షో? ముందు నలభై ఏడున్నర వేలయింది, దాని మీద 81 శాతం పెరిగి సుమారు 86 వేల దగ్గర ఆగింది. పడింది లక్ష మీద, లేచింది సగం మీద! మీరేమో కూడికల మనిషి, డబ్బేమో గుణకారంలో బతుకుతుంది. మీకు గుణమధ్యమం అని ఒక అన్న ఉన్నాడట, ఏ ఏడు రూపాయి ఎన్నింతలయిందో చూసి, ఆ రెంటినీ గుణించి వర్గమూలం తీసే మనిషి. ఆయన్ను అడిగితే ఏడాదికి 7 శాతం నష్టమని మొహం మీదే చెప్పాడు. ఏజెంటు కాగితంలో ఆయనకు చోటు దొరకలేదు మరి.

మీ ఇంట్లోనే ఉండే ప్రామాణిక విచలనం తీరు ఇంకా విచిత్రం. ఏ ఏడు మీకెంత దూరం పోయిందో చూసి, మైనస్ కనబడకుండా వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీస్తాడు. నాకు 67 శాతం తేల్చాడు. ఆయన దృష్టిలో పడ్డ ఏడూ, పెరిగిన ఏడూ సమాన దోషులే. పెరిగిన ఏడు మీద నేనెప్పుడు ఫిర్యాదు చేశానండీ? అయినా మీకంటే నయం. ఆ 0.67 వర్గంలో సగం, సుమారు 22 శాతం, మీలోంచి తీసేస్తే మైనస్ 8 వస్తుంది. మీ అన్న చెప్పిన 7 శాతం నష్టానికి దగ్గరే.

ఇక రిస్కు ప్రీమియం, అంటే నష్టభయం మోసినందుకు పైన దొరకాల్సిన రాబడి. "పోస్టాఫీసు ఇచ్చే 8 తీసేసినా, 6 శాతం మీ ధైర్యానికి బహుమానం సార్" అన్నాడు ఏజెంటు. అసలు లెక్క కడితే నా ధైర్యానికి ఏటా 15 శాతం జరిమానా పడింది. మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. బర్లున్న ఇంటికి నూటికి రూపాయిన్నర మిత్తి, ప్రామిసరీ నోటు తప్ప ఏమీ లేనోనికి మూడు రూపాయలు. ఆ పై రూపాయిన్నర పేరు ప్రీమియం అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ అది అప్పు ఇచ్చేటప్పుడు అడిగేదే తప్ప చేతికొచ్చింది కాదని మాత్రం బాగా తెలుసు. వాడు రాత్రికి రాత్రే బొంబాయి బస్సెక్కితే మిత్తితోపాటు అసలూ బస్సెక్కుతుంది.

ఆ సాయంత్రం మీ సంగతి ఆమెకు చెప్పాను.

"పద్నాలుగు అన్నడా?"

"అన్నడే."

"లక్షల పద్నాలుగు వేలు పోయినయి గదరా. అబద్ధమేం జెప్పిండు? వచ్చుడో పోవుడో చెప్పలే, గంతే."

ఇట్లు,
86 వేల ఆసామి