కోటి రూపాయల బండికి హుక్కు బిగిస్తే వారంటీ ఎవరిది?

మా తమ్ముడి అల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. కారు వెనక చిన్న ఇల్లు తగిలించుకుని ఊళ్లు తిరగడం అతనికి సరదా. కిందటేడు తమ్ముడూ మరదలూ అక్కడికి వెళ్తే పది రోజులు అలాగే తిప్పాడు. తిరుపతికి తిరిగి వచ్చినప్పటి నుంచి మా వాడికి లాడ్జి గది రుచించడం లేదు. కోయంబత్తూరులో ఒకరి చేత రెండు మంచాలు, ఒక పొయ్యి, వంద లీటర్ల నీళ్ల ట్యాంకుతో కారవాన్ ట్రైలర్ కట్టించాడు. హార్సిలీ హిల్స్‌కు, తలకోనకు, పులికాట్ పక్షులను చూడటానికి దాంతో వెళ్లాలట. లాగడానికి కోటి రూపాయల కొత్త లగ్జరీ ఎస్‌యూవీ కొంటానన్నాడు. నేను పాతది కొనమన్నాను. రెండు నెలలు మా ఇంట్లో వేరే మాట లేదు.

నేను ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్లు బ్రేకులూ గేరుబాక్సులూ విప్పినవాడిని. లగ్జరీ కార్ల సంగతి నీకేం తెలుసు అని అడగవచ్చు. తోలు సీట్ల గురించి నిజంగానే తెలియదు. బరువు లాగే బండి ఎక్కడ చస్తుందో మాత్రం తెలుసు.

కొత్త బండి వైపు తమ్ముడు చూపిన కారణాల్లో గట్టిది ఒకటే. "అన్నా, వారంటీ ఉంటుంది. ఏది పోయినా కంపెనీయే చూసుకుంటుంది." సరే, అదే తేల్చుకుందామని ఇద్దరం బెంగళూరు వెళ్లాం. షోరూమ్ పేరు చెప్పను. కాఫీ ఇచ్చారు, బాగుంది. లోపల లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయో, సీటు వీపును ఎన్ని రకాలుగా పిసుకుతుందో ఆ కుర్రాడు అరగంట చెప్పాడు. అంతా విని, "బాబూ, ఈ బండి వెనక ఎంత బరువు లాగవచ్చు?" అని అడిగాను. "ఏడుగురు కూర్చోవచ్చు సార్" అన్నాడు.

అతన్ని తప్పుపట్టను. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. లోపలి నుంచి మేనేజరు వచ్చారు. కంపెనీ టో బార్, అంటే ట్రైలర్ తగిలించే హుక్కు, దొరుకుతుందా అంటే ఇక్కడ రాదన్నారు. బయట బిగిస్తే గేరుబాక్సు మీద వారంటీ నిలుస్తుందా, కాగితం మీద రాసిస్తారా అంటే, "బయట బిగించుకోండి సార్, ఏమీ కాదు" అన్నారు. ఏమీ కాకపోతే రాయడానికేమిటి? "అది వచ్చిన సమస్యను బట్టి ఉంటుంది సార్." అక్కడికి నాకు లెక్క తేలిపోయింది. మా వాడు కోటి పెట్టేది వారంటీ కోసం. ఏ పని కోసం బండి కొంటున్నాడో ఆ పని చేస్తుండగా ఏదైనా పోతే వారంటీ ఉంటుందో లేదో చెప్పేవాడు లేడు. ఇక కొత్తదనానికి మిగిలిన విలువ ఏమిటి? సీటు మీద ప్లాస్టిక్ కవరా?

అల్లుడు ఫోన్లో, "మామయ్యా, ఇక్కడ డిఫెండర్ 3,500 కిలోలు లాగుతుంది, ల్యాండ్ క్రూయిజర్ కూడా అంతే" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్లు) ఉన్న ఆడి క్యూ7 కూ అక్కడ అదే అంకె. కానీ ఆ 3,500 సొంత బ్రేకులు ఉన్న ట్రైలర్‌కు. బ్రేకులు లేనిదైతే అదే బండికి 750 కిలోలే. పైగా అది ఆ దేశంలో అమ్మే బండికి, అక్కడి అనుమతులతో, దానికోసమే తయారైన టో బార్‌తో, వైరింగ్‌తో, ట్రైలర్ ఊగినప్పుడు సర్దే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇచ్చిన హామీ. ఆ అంకెను విమానంలో తెచ్చి బెంగళూరు షోరూమ్ బండికి అతికించలేం.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు కావాలి. ఇవన్నీ ముందే రవాణా కార్యాలయంలో అడిగి తేల్చుకోండి. వెల్డింగ్ షాపువాడు "నాకు వదిలేయండి" అంటే వదిలేయకండి.

ఇక బరువు. ట్రైలర్ కట్టినాయన 1,100 కిలోలు అన్నాడు. నీళ్లు, సిలిండరు, పరుపులు, మా మరదలి వంట సామాను అన్నీ ఎక్కించి రేణిగుంట రోడ్డులో లారీలు తూచే కాటా మీద పెట్టించాను. 1,420 చూపించింది. ట్రైలర్ కొన్నవాళ్లు మొదట చేయవలసిన పని ఇదే. ఆ బరువులో పదో వంతు, అంటే 140 కిలోల దాకా, హుక్కు మీద కూర్చుంటుంది. ఇద్దరు మనుషులు వెనక బంపరు మీద నిలబడ్డట్టు. వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగులో పట్టు పోతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలను చూపిస్తాయి. అలాగని హుక్కు మీద బరువు మరీ తగ్గించినా ప్రమాదమే, ట్రైలర్ పాములా ఊగుతుంది. కారులో ఐదుగురు, వాళ్ల సంచులు, ఈ 140 కలిపితే కారు మోయగలిగిన బరువు దాదాపు అయిపోతుంది. ఎన్ని కిలోలు లాగుతుందని అందరూ అడుగుతారు. ఎన్ని కిలోలు మోస్తుందని అడిగేవాడు కనపడడు.

లాగడం కంటే ఆపడం కష్టం. తిరుపతి నుంచి హార్సిలీ హిల్స్ వెళ్లాలంటే భాకరాపేట ఘాట్ ఎక్కాలి, తిరుగు ప్రయాణంలో దాన్నే దిగాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఆ దారిలోనే. అటు చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లకు మొగిలి ఘాట్ ఉండనే ఉంది. కారూ ట్రైలరూ కలిపి దాదాపు నాలుగు టన్నులు ఘాట్ దిగుతూ ఉంటే ఆ వేగమంతా వేడిగా మారవలసింది బ్రేకుల్లోనే. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరాక దానికి ప్రమాణం 155 డిగ్రీలే. ఆ వేడి దాటితే గొట్టంలో ఆవిరి పుడుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఘాట్ డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగుతారు. ఆటోమేటిక్ గేరులో కూడా చేత్తో కింది గేరు వేసుకోవచ్చు, ఆ మీట ఉన్నది అందుకే.

గేరుబాక్సుదీ వేడి కథే. ఇప్పటి లగ్జరీ బండ్లలో చాలా వాటికి జెడ్‌ఎఫ్ వాళ్ల ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది. అందులో ఆయిలు జీవితకాలం మార్చనక్కర్లేదని బండ్ల కంపెనీలు చాలాకాలం చెప్పాయి. దాన్ని తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. లాగే బండికి నేనైతే 60,000కే మారుస్తాను. ఇది పుస్తకంలోది కాదు, నా భయం.

పాత బండి అంటే ఏదో ఒకటి కాదు. మూడు చూశాం. మొదటిది చెన్నైలో. తళతళలాడుతోంది, ధర చూస్తే తమ్ముడి కళ్లు మెరిశాయి. నేను సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగాను. లోపలి మూర పొడవునా ఎండిన బురద గీత. 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరులోనూ ఆ నగరంలో కార్లు నీళ్లలో ఎలా తేలాయో అందరం టీవీల్లో చూశాం. కార్పెట్ మారుస్తారు, సువాసన చల్లుతారు, సీటు బెల్టు చుట్ట మాత్రం ఎవరూ విప్పరు. రెండోది ఢిల్లీ నంబరు డీజిల్. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో మొదలైన ఆంక్షల పుణ్యమా అని అవి దక్షిణాదికి చవకగా వస్తాయి. ఇంజను బాగానే ఉంది. కానీ పదేళ్ల ఎయిర్ సస్పెన్షన్ రబ్బరు బెలూన్ల మీద 140 కిలోల హుక్కు బరువు ఎక్కించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను, ఆ తిరుగుళ్లన్నీ లెక్కేస్తే చవక కూడా సగమే మిగిలింది.

మూడోది మదనపల్లెలో ఒక టమాటా వ్యాపారిది. 2019 డీజిల్, ఒకే యజమాని, 78,000 కిలోమీటర్లు. ఎయిర్ సస్పెన్షన్ లేదు, మామూలు స్ప్రింగులు. ప్రతి సర్వీసు బిల్లూ ఫైల్లో పెట్టి ఉంచాడు, ఆ ఫైలే నన్ను కొనేసింది. మీటరు తిప్పారేమోనని బిల్లుల్లోని అంకెలన్నీ వరసగా సరిచూశాను. కొత్తది కోటి, ఇది 36 లక్షలు. బీమా వాళ్ల పట్టికే చూడండి. ఏడాది నిండేసరికి బండి విలువలో 15 శాతం, ఐదేళ్లకు సగం తీసేస్తారు. ఆ సగం ఆ వ్యాపారి భరించాడు, ఆయన చల్లగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్ల మీద పన్ను సెస్సుతో కలిపి 50 శాతం ఉన్నది 40కి దిగింది కాబట్టి కొత్తవే కొనాలని మా వాడు ఒకసారి వాదించాడు. కొత్త వాటి ధర తగ్గితే పాత వాటి బేరం కూడా దిగుతుంది, నేను బేరం మొదలుపెట్టింది అక్కడినుంచే.

అయితే పాతది కొని మిగిలిన డబ్బుతో సంబరపడితే కొత్తది కొనడం కంటే పెద్ద తప్పు. నాలుగు లక్షలు పక్కన పెట్టించాను. గేరు ఆయిలు, దానికి అదనపు కూలర్, నాలుగు డిస్కులు, ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిలు, ఐదు టైర్లు. పాత టైర్లలో అరుగుదల తక్కువే, కానీ పక్కన ఉండే నాలుగంకెల తేదీ ముద్ర చూస్తే ఆరేళ్ల కిందటివి. "అన్నా, బాగానే ఉన్నాయి కదా" అన్నాడు. బాగానే ఉన్నట్టు కనపడటమే వాటి గుణం.

ఇది అందరికీ వర్తిస్తుందని అనను. ట్రైలర్ లేకుండా కుటుంబంతో బెంగళూరు, చెన్నై తిరిగేవాళ్లు, బండి విప్పి చూసే మనిషి తెలియనివాళ్లు, డబ్బుకు లోటు లేనివాళ్లు కొత్తదే కొనుక్కోండి, సుఖంగా ఉంటారు. మన ఊళ్లో ఈ బండ్లను విప్పగలిగినవాళ్లు తక్కువ, పెద్ద పని వస్తే చెన్నైకో బెంగళూరుకో పంపాలి. ఆ ఖర్చు పాతదానికి ఎక్కువ తగులుతుందని ఒప్పుకుంటాను. నా గొడవంతా లాగడానికి కొత్తది కొని, హుక్కు మాత్రం సందులో బిగించుకుని, వారంటీ ఉందని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేవాళ్లతో.

పోయిన ఆదివారం హార్సిలీ హిల్స్ నుంచి తిరిగి వచ్చాం. భాకరాపేట ఘాట్ రెండో గేరులో దిగుతుంటే వెనక లారీ హారను ఆపలేదు. "బావగారూ, వాడు తిడుతున్నాడేమో" అంది మా మరదలు. తిట్టనీ అన్నాను. రంగంపేట దగ్గర ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. కారు డిస్కులు మరీ వేడెక్కలేదు. ట్రైలర్ ఎడమ బ్రేకు డ్రమ్ము మాత్రం చెయ్యి ఆననివ్వనంత కాలుతోంది. లోపల బ్రేకు షూ పట్టేస్తున్నట్టుంది. ఈ వారం అది విప్పాలి.