సీరో సర్వే అంకెను ఎలా చదవాలి?

ఢిల్లీలో 56 శాతానికి పైగా జనం రక్తంలో కరోనా యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కొనేందుకు ఒంట్లో పుట్టే ప్రొటీన్లు) ఉన్నాయని 2021 ఫిబ్రవరి మొదట్లో సీరో సర్వే, అంటే రక్త నమూనాల సర్వే, తేల్చినప్పుడు, నగరం గండం గట్టెక్కిందని చాలామంది నమ్మారు. ఏప్రిల్‌లో అదే నగరంలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు తీశారు. వైరస్ అప్పటికి ఎంతమందిని తాకిందో సర్వే సరిగ్గానే చెప్పింది. ఇకమీదట ఎంతమందికి సోకదో కూడా అదే చెప్పిందని మనం అనుకున్నాం.

తాకిడిని కొలవడంలో సీరో సర్వేకు సాటి లేదు. జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాల్లో జాతీయ పోషకాహార సంస్థ విడతలవారీగా రక్త నమూనాలు పరీక్షించగా, యాంటీబాడీలున్నవారు 2020 మేలో 0.33 శాతం, ఆగస్టులో 12.5, డిసెంబరులో 24.1, 2021 జూన్‌లో 60.1 శాతంగా తేలారు. హైదరాబాద్‌లోని 30 వార్డుల్లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, టీకాల కంపెనీ భారత్ బయోటెక్‌లతో కలిసి ఇదే సంస్థ జరిపిన సర్వేలో 54 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వారిలో నూటికి 75 మందికి తమకు కరోనా వచ్చిపోయిందన్న సంగతే తెలియదు. ముక్కు, గొంతు నమూనాల్లో వైరస్‌ను వెతికే ఆర్‌టీపీసీఆర్ పరీక్షల లెక్కలకు ఎన్నటికీ అందని నిజమిది.

చిక్కల్లా ఆ అంకె వెనుక ఉన్న పరీక్ష కిట్‌తోనే. వైరస్ సోకనివారిలో నూటికి ఇద్దరిని పొరపాటున పాజిటివ్‌గా చూపే కిట్‌తో వెయ్యిమందిని పరీక్షిస్తే, నిజంగా సోకినవారు నలుగురే ఉన్నచోట మరో ఇరవై మంది వారి పక్కన చేరతారు. తొలి జాతీయ సర్వేలో పాజిటివ్ నమూనాలను రెండో కిట్‌తో సరిచూసింది అందుకే. టీకాలు వచ్చాక మరో మెలిక పడింది. కోవిషీల్డ్ వల్ల వైరస్ పైనుండే ముల్లులాంటి స్పైక్ ప్రొటీన్‌పై మాత్రమే యాంటీబాడీలు పుడతాయి కనుక, వైరస్ లోపలి ప్రొటీన్ అయిన న్యూక్లియోక్యాప్సిడ్‌పై పుట్టిన యాంటీబాడీలను వెతికే కిట్ ఆ టీకా ప్రభావాన్ని పట్టుకోలేదు. కొన్ని నెలలకు యాంటీబాడీలు తగ్గినా, రోగం ముదరకుండా కాపాడే టీ కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) మిగిలే ఉండవచ్చు.

నాలుగో జాతీయ సర్వేలో మధ్యప్రదేశ్‌కు 79, ఆంధ్రప్రదేశ్‌కు 70.2, తెలంగాణకు 63.1, కేరళకు 44.4 శాతం వచ్చాయి. కేరళ అంకెను వైఫల్యంగా చూడటం అన్యాయమని నా అభిప్రాయం. అక్కడ వైరస్‌ను ఎక్కువకాలం నిలువరించగలిగారు. అందుకే ముప్పు ముంగిట ఉన్నవారూ అక్కడే ఎక్కువ. పైగా కొద్ది జిల్లాల నమూనాలతో తీసిన రాష్ట్ర సగటును పట్టుకుని ఒక మండలంలో బడి తెరవాలా వద్దా అని నిర్ణయించలేం.

కాబట్టి ప్రతి సర్వే అంకెతో పాటు ఏ కిట్ వాడారు, ఏ ప్రొటీన్‌పై యాంటీబాడీలను వెతికారు, టీకా వేసుకున్నవారు ఎందరు అన్నవీ ప్రకటించాలి. జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాలకే మళ్లీ మళ్లీ వెళ్లి, సేకరించిన సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) భద్రపరిస్తే, కొత్త వేరియంట్ తలెత్తినప్పుడు ఆ యాంటీబాడీలు దాన్ని అడ్డుకోగలవో లేదో ప్రయోగశాలలోనే చూడవచ్చు.