గ్యాప్ కనిపించినంత మాత్రాన సూపర్‌కండక్టర్ అయిపోదు

‘అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్లలో గ్యాప్ గది ఉష్ణోగ్రత దాకా ఉంటుందని 1998లోనే తేలింది. అంటే గది ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్ ఎప్పుడో దొరికింది, బయటికి రానివ్వట్లేదు.’ ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. నాకు పంపుతున్నవాళ్లలో ఫిజిక్స్ చదివినవాళ్లే ఎక్కువ, అదీ నా బాధ. చివర్లో పెట్టుబడి పెట్టమని ఒక లింకు కూడా ఉంది.

సూపర్‌కండక్టర్ అంటే ఒక హద్దు ఉష్ణోగ్రత (దాన్నే టీసీ అంటారు) కంటే చల్లబరిస్తే రెసిస్టెన్స్ సున్నా అయి, అయస్కాంత క్షేత్రాన్ని బయటే ఆపే పదార్థం. గ్యాప్ అంటే అందులో ఎలక్ట్రాన్లకు చోటు దొరకని శక్తుల మేర. మెసేజ్‌లో ఇంకా కొన్ని మాటలున్నాయి, ముందు ఆ చిన్నవి తేల్చేద్దాం. వేడి పెరిగేకొద్దీ గ్యాప్ సమంగా తగ్గుతుందట. అల్యూమినియంలోనే అలా జరగదు. టీసీలో సగం దాకా గ్యాప్ దాదాపు కదలదు, తగ్గేది నాలుగైదు శాతమే. టీసీ దగ్గరపడ్డాక ఒక్కసారిగా పడిపోతుంది. ఎలక్ట్రాన్లు జంటకట్టడంతో సూపర్‌కండక్టర్లను వివరించిన 1957 నాటి బీసీఎస్ సిద్ధాంతం చెప్పేది ఇదే. గ్యాప్‌కు రెట్టింపును టీసీకి సరిపడే ఉష్ణ శక్తితో భాగిస్తే వచ్చే 3.53 నిష్పత్తి అన్నిటికీ వర్తిస్తుందట. బిస్మత్ క్యూప్రేట్‌లో (కాపర్-ఆక్సిజన్ పొరలున్న అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్లే క్యూప్రేట్లు) అది రెట్టింపు దాటుతుంది. గ్యాప్ అంటే ఒకటే అంకె అట. క్యూప్రేట్లలో అది దిక్కును బట్టి మారుతుంది: కాపర్-ఆక్సిజన్ బంధాల వైపు గరిష్ఠం, వాటికి 45 డిగ్రీల మూలగా సున్నా. ఏ దిక్కు సంగతో చెప్పకుండా గ్యాప్ ఉంది, పోయింది అంటే అర్థం లేదు.

ఇక అసలు విషయం. 1998 ప్రయోగం నిజమే. టీసీ 83 కెల్విన్ ఉన్న బిస్మత్ క్యూప్రేట్ మీద టన్నెలింగ్ మైక్రోస్కోప్ సూదిమొన పెట్టి కొలిచారు. ఏ శక్తి దగ్గర ఎలక్ట్రాన్లకు ఎంత చోటుందో చూపే గ్రాఫు అది. ద్రవ హీలియం చలిలో దానికి రెండు పక్కలా నిటారు శిఖరాలు, మధ్యలో లోయ, ఆ లోయే గ్యాప్. వేడిచేస్తే ఆ శిఖరాలు ఒకదానికొకటి దగ్గరకు జరగవు, లోయే అడుగు నుంచి పూడుకుంటూ వస్తుంది. 83 దాటేసరికి శిఖరాలు పోతాయి, లోయ మాత్రం గది ఉష్ణోగ్రత దాకా పలచగా మిగులుతుంది. అదే సూడోగ్యాప్.

మరి ఆ 83 దగ్గర ఇంకేం జరుగుతుందో మెసేజ్ రాసినాయనకు కనబడలేదా? రెసిస్టెన్స్ తిరిగొస్తుంది. అప్పటిదాకా బయటే ఆగిన అయస్కాంత క్షేత్రం లోపలికి వచ్చేస్తుంది. ఈ రెండూ జరిగాక దాన్ని సూపర్‌కండక్టర్ అని ఎలా అంటారు? పైగా డోపింగ్ (పదార్థం కూర్పు మార్చి అందులో కదిలే చార్జీలు చేర్చడం) ఇక్కడి నుంచి తగ్గించేకొద్దీ సూడోగ్యాప్ పెద్దదవుతుంది, టీసీ మాత్రం పడిపోతూ చివరికి సున్నాకు చేరుతుంది. గ్యాపే కొలబద్ద అయితే, ఏ చలిలోనూ సూపర్‌కండక్టర్ కాని ముక్కే అన్నిటికంటే గొప్పదవ్వాలి! పంపేముందు కనీసం ఈ ఒక్క ముక్కైనా ఆలోచించరేం?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. టీసీ దగ్గర గ్యాప్ సున్నా అవుతుందని మనకు చెప్పిన పాఠం క్యూప్రేట్లకు సరిపోదు, అక్కడ మెసేజ్ మాటే కరెక్టు. 2007లో ఫోటోఎమిషన్‌తో (కాంతితో ఎలక్ట్రాన్లను బయటకు కొట్టి కొలిచే పద్ధతి) చూస్తే, డోపింగ్ తక్కువున్న బిస్మత్ క్యూప్రేట్‌లో 45 డిగ్రీల మూల దగ్గరి గ్యాప్ టీసీ వద్ద మూసుకుంది, బంధాల వైపుది మూసుకోలేదు. టీసీ పైన ఎలక్ట్రాన్ జంటలు అస్సలు ఉండవని కూడా నేను అనను. లాంథనం-స్ట్రాన్షియం క్యూప్రేట్‌లో 2000లో టీసీ పైన కూడా నెర్న్‌స్ట్ సిగ్నల్ (వేడి తేడా, అయస్కాంత క్షేత్రం కలిసి పుట్టించే వోల్టేజి) దొరికింది, దాన్ని సూపర్‌కండక్టర్ సుడుల జాడగా చూసినవాళ్లున్నారు. కానీ ఆ సిగ్నల్ కూడా గది ఉష్ణోగ్రతకు చాలా కిందే ఆగిపోతుంది. జంటలు ఉంటే చాలదు, అన్నిటి ఫేజ్ ఒక్కటై నిలవాలి, అంటే వాటి అలలన్నీ ఒకే తాళంలో కదలాలి. టీసీ పైన లేనిది అదే.

కాబట్టి ఆ లింకు పంపినవాళ్లను గ్యాప్ గ్రాఫు అడగొద్దు. గది ఉష్ణోగ్రతలో సున్నా రెసిస్టెన్స్, మైస్నర్ ప్రభావం (అయస్కాంత క్షేత్రాన్ని బయటకు నెట్టడం) రెండూ ఒకే ముక్క మీద కొలిచిన గ్రాఫులు అడగండి. అవి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.