మొక్క నాటిన ఫొటో సరే, ఎస్‌టీపీ మీటరు ఫొటో ఏదండీ?

ఈ మధ్య రియల్ ఎస్టేట్ ఏజెంట్ల పోస్టులు గమనిస్తున్నారా? చదరపు అడుగులు, కార్ పార్కింగు వెనక్కి పోయాయి. మొక్క నాటుతున్న ఫొటో, చెరువు గట్టున చెత్త ఏరుతున్న ఫొటో, "మా కాలనీయే మా కుటుంబం" అన్న మాట, కింద బారెడు హ్యాష్‌ట్యాగులు ముందుకొచ్చాయి. వీళ్లలో నిజంగా ఇష్టంతో చేసేవాళ్లు ఉన్నారు, కాదనను. ఆ ఇష్టం ఇల్లు చూపించే రోజున ఎటు పోతోందన్నదే నా గొడవ.

ఏజెంటుకు కమిషన్ వచ్చేది రిజిస్ట్రేషన్ రోజున. కొన్నవాళ్లకు కరెంటు బిల్లు, ట్యాంకర్ బిల్లు, మెయింటెనెన్స్ బిల్లు వచ్చేది ఆ తర్వాత పాతికేళ్లు. అందుకే ఏజెంటు గారి పర్యావరణ ప్రేమకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. బేరం చెడిపోయే అవకాశం ఉన్న మాట ఆయన తనంతట తాను చెబుతాడా లేదా? మొక్క నాటితే ఏ బేరమూ చెడదు. "ఇక్కడ ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ఆర్నెల్లుగా సరిగ్గా నడవడం లేదు" అంటే చెడుతుంది.

నీళ్ల నుంచే మొదలుపెడదాం, బుకాయింపు ఎక్కువ అక్కడే.

"ఇంకుడు గుంతలు ఉన్నాయండీ" అంటారు. ఎన్ని? ఎంత లోతు? మామూలు లెక్క ఇది: 100 చదరపు మీటర్ల డాబా మీద 1 మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకు 2,000 లీటర్లు. చిందేది, తడికి పీల్చుకునేది తీసేస్తే 1,600 దాకా పైపులోకి వస్తాయి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత తవ్వి రాళ్లు నింపారనుకోండి. రాళ్ల సందుల్లో మిగిలే జాగా నూటికి 40 వంతులే, అంటే 800 లీటర్లు. జడివాన అరగంటలో కురిసేస్తే సగం నీళ్లు పొంగి రోడ్డెక్కుతాయి. బ్లాకు మొత్తానికి అలాంటి గుంతలు రెండు తవ్వి "వంద శాతం వాన నీటి సంరక్షణ" అని బ్రోచర్లో వేస్తే అది నేతిబీరకాయలో నెయ్యి.

తవ్వినవి కూడా రెండు వానాకాలాలు దాటేసరికి మూసుకుపోతాయి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ముతక ఇసుక ఉండాలి. నీటితో వచ్చే సన్న మట్టి ఆ ఇసుక పైపొరలో పేరుకుని బిరడా పడిపోతుంది. ఏటా వానలకు ముందు ఆ పైపొర ఒక బెత్తెడు తీసి కడిగి మళ్లీ వేయాలి. గుంతకు ముందు మట్టి దిగడానికి చిన్న తొట్టి ఉండాలి. మొదటి వానలో డాబా మీది దుమ్ము, పక్షుల రెట్టలు లోపలికి పోకుండా మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటిని బయటికి వదిలే వాల్వు ఉండాలి. ఈ మూడింటిలో ఏది ఉందో మూత ఎత్తించి చూపించడానికి ఏజెంటుకు పది నిమిషాలు చాలు. వాన వెలిసిన మూడో రోజుకు కూడా గుంతలో నీళ్లు నిలిచి ఉంటే ముఖ్యంగా రెండు కారణాలు: ఇసుక మూసుకుపోయింది, లేదా అది బంకమట్టి నేల, ఆ లోతులో నీరు ఇంకదు. ఇంకుడు సంగతి దేవుడెరుగు, అక్కడ పెరిగేవి దోమలే. అన్నిటికన్నా దారుణం, పార్కింగులో ఆయిల్ మరకల మీదుగా వచ్చిన నీటిని ఫిల్టరు లేకుండా నేరుగా పాత బోరులోకి వదలడం. అది నీరు నింపడం కాదు, భూగర్భ జలాన్ని పాడుచేయడం.

ఇక ఎస్‌టీపీ. పేరు వినగానే సగం మంది ముక్కు మూసుకుంటారు, మిగతా సగం టాపిక్ మారుస్తారు.

మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుందాం. అందులో ఫ్లష్‌కు పోయేది 45 లీటర్లు. వాడిన నీటిలో దాదాపు 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా ఎస్‌టీపీకి వస్తుంది. దాన్ని శుద్ధి చేసి ఫ్లష్‌కు తిప్పితే ఇంటికి కావలసిన మంచినీటిలో మూడో వంతు మిగిలినట్టే. చాలా పెద్ద సంగతి ఇది. వంద ఫ్లాట్లలో నలుగురేసి ఉంటే రోజుకు 18,000 లీటర్లు, పెద్ద ట్యాంకర్లయితే ఒకటిన్నర దాకా. కాబట్టి ఎస్‌టీపీ మీద నాకు చిన్నచూపు లేదు, నడవని ఎస్‌టీపీని గొప్పగా చెప్పడం మీదే నా కోపం.

ఎందుకు నడవదు? అందులో పని చేసేది మెషీన్లు కాదు, బాక్టీరియా. వాటికి గాలి కావాలి. గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉండాలి. ఆ గాలి తోసేది బ్లోయర్. 5 హెచ్‌పీ బ్లోయర్ రోజుకు 20 గంటలు తిరిగితే 75 యూనిట్ల కరెంటు. ఆ బిల్లు చూసి అసోసియేషన్‌లో ఎవరో ఒకరు "రాత్రిపూట ఆపేద్దాం" అంటారు. ఆపేస్తే మంచి బాక్టీరియా చచ్చి, గాలి అక్కర్లేని రకం పెరుగుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది దాని వల్లే. తెల్లారి బ్లోయర్ వేసినంత మాత్రాన పోయిన బాక్టీరియా వెంటనే తిరిగిరాదు. వాసన వస్తోందని జనం గోల పెడితే ప్లాంటే ఆపేసి మురుగును కాలువలోకి తిప్పేస్తారు. ఇంకో రకం జబ్బు కొత్త కాంప్లెక్సుల్లో. వంద ఫ్లాట్లకు కట్టిన ప్లాంటు, దిగినవాళ్లు ముప్పై మంది. తిండి చాలక బాక్టీరియా నిలదొక్కుకోదు. మొదట్లోనే రెండు భాగాలుగా కట్టి సగం నడిపేలా డిజైన్ చేస్తే ఈ సమస్య తగ్గుతుంది, కానీ అలా కట్టేవాళ్లు తక్కువ.

కొనేవాళ్లను డాబా మీదికి తీసుకెళ్లండి ఏజెంటు గారూ, వ్యూ చూపించడానికి ఎలాగూ తీసుకెళ్తారు కదా. ఫ్లష్ నీటికి విడిగా ట్యాంకు ఉందా? ఆ ట్యాంకుకూ మంచినీటి ట్యాంకుకూ మధ్య ఒక పైపు, ఒక వాల్వు ఉన్నాయా? చాలాచోట్ల ఉంటాయి. ప్లాంటు ఆగినప్పుడు "తాత్కాలికంగా" మంచినీళ్లు ఫ్లష్‌కు ఇవ్వడానికి పెట్టినవి. ఆ వాల్వు పిడి దుమ్ము పట్టి, తుప్పు పట్టి బిగుసుకుని ఉంటే సంతోషం. చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తుంటే ఆ తాత్కాలికం ఎన్నేళ్లదో వాచ్‌మన్‌ను అడగండి. పైగా ఆ అతుకు వల్ల శుద్ధి చేసిన నీళ్లు మంచినీటి ట్యాంకులోకి ఎదురెక్కే ప్రమాదం ఉంటుంది, అది ఆరోగ్యం సంగతి.

ప్లాంటు దగ్గర ఇంకో రెండు చూడాలి. ఒకటి, దాని కరెంటు మీటరు విడిగా ఉందా, నెలకు ఎన్ని యూనిట్లు తిరిగింది. మీటరు అబద్ధం ఆడదు. రెండు, బురద ఎవరు తీసుకెళ్తున్నారు, ఆఖరి రశీదు ఏ నెలది. నడిచే ప్లాంటు బురద తయారు చేసి తీరుతుంది. బురద రశీదు లేదంటే ప్లాంటు నడవడం లేదు, లేదా బురదను ఎక్కడో దొంగచాటుగా పారబోస్తున్నారు. ల్యాబ్ రిపోర్టు లేకపోతే కనీసం శుద్ధి చేసిన నీటిని తెల్ల సీసాలో పట్టి, మూత బిగించి రెండు రోజులు పక్కన పెట్టించండి. మూత తీయగానే కంపు కొడితే శుద్ధి సరిగా జరగలేదు.

సోలార్ మీద ఎక్కువ చెప్పను. ఎండ బాగా కాసే చోట 1 కిలోవాటు ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 10 కిలోవాట్లు పెట్టి "సౌరశక్తితో నడిచే కమ్యూనిటీ" అంటే, వచ్చేది 40 యూనిట్లు. పైన చెప్పిన బ్లోయర్ ఒక్కదానికే 75. లిఫ్టులు, మోటార్లు, కారిడార్ లైట్లు ఇంకా లెక్కలోకే రాలేదు. ప్యానెల్స్ మీద పక్క టవర్ నీడ పడుతుందేమో మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి, వరుసలో ఒక్క ప్యానెల్ నీడలో పడినా మిగతా వాటి ఉత్పత్తికి దెబ్బే.

సర్టిఫికెట్ల సంగతి మాత్రం చెప్పాలి. పర్యావరణానికి మేలైన భవనాలకు ఇచ్చే ముద్రలు లీడ్, ఎడ్జ్. లీడ్‌లో 40 పాయింట్లకు సర్టిఫైడ్, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం. ఎడ్జ్‌లో అయితే కరెంటు, నీరు, నిర్మాణ సామగ్రి తయారీకి పట్టే శక్తి లేదా దానితో వెలువడే కార్బన్, ఈ మూడింటిలో కనీసం 20 శాతం చొప్పున ఆదా చూపించాలి. మంచి పద్ధతులే. కానీ కట్టకముందే డిజైన్ చూసి ఇచ్చే ప్రీ-సర్టిఫికేషన్ వేరు, కట్టాక ఇచ్చే సర్టిఫికెట్ వేరు. బ్రోచర్ మీద మెరిసే ముద్ర చాలాసార్లు మొదటిదే. ఏజెంటు నిజాయితీపరుడైతే "ఇది డిజైన్‌కు వచ్చింది, ఫైనల్ ఇంకా రాలేదు" అని ఒక్క ముక్క చెప్పాలి. ఫైనల్ వచ్చినా అది కట్టడం గురించి చెబుతుంది గానీ, ఆ తర్వాత ఎలా నడిపిస్తున్నారో చెప్పదు.

"ఎకరాల కొద్దీ పచ్చదనం" అన్న మాట విన్నప్పుడల్లా లాన్ ఎంతో అడగండి. ఎండల్లో లాన్‌కు చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. 1,000 చదరపు మీటర్ల లాన్ అంటే ముప్పై మంది మనుషులకు సరిపడే నీళ్లు. దాని మీద "గడ్డి తొక్కరాదు" అని బోర్డు! నీడనివ్వని, ఎవరూ కూర్చోని, నీళ్లు మాత్రం తాగే ఆకుపచ్చ రంగు అది. అదే స్థలంలో నాలుగు పెద్ద చెట్లు, కింద అరుగు ఉంటే సాయంత్రానికి పది మంది చేరతారు.

కమ్యూనిటీ అనగానే ఏజెంట్లు క్లబ్‌హౌస్ తలుపు తీస్తారు. పొరపాటు అక్కడే. మనుషులు కలిసేది క్లబ్‌హౌస్‌లో కాదు, దారిలో. డోనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పట్టణ ప్రణాళికా నిపుణుడు శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు వీధులు పోల్చి చూసి 1972లో ఆ అధ్యయనం ప్రచురించాడు. ఇళ్లు దాదాపు ఒకే రకం, తేడా ట్రాఫిక్‌లోనే. రోజుకు 2,000 వాహనాలు తిరిగే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు ఉంటే, 16,000 తిరిగే వీధిలో ఒక్కరు కూడా సరిగ్గా లేరు, 0.9. కాబట్టి స్థానిక జీవితం మీద ప్రేమ ఉన్న ఏజెంటు కొనేవాళ్లను ఆదివారం పొద్దున కాదు, పని రోజు సాయంత్రం ఆరున్నరకు తీసుకెళ్లాలి. కారులో కాదు, నడిపించి. మ్యాప్‌లో బస్టాపు 300 మీటర్లే ఉంటుంది. వెనక గేటు తాళం వేసి ఉంటే మొత్తం ప్రహరీ చుట్టి కిలోమీటరు. ఆ తాళం ఎప్పుడు తీస్తారో, ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకుని చెప్పే ఏజెంటును నేను నమ్ముతాను. మధ్యలో ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోతుందో, రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందో లేదో కూడా ఆ నడకలోనే తెలుస్తుంది.

ఇంకో రకం కమ్యూనిటీ ప్రేమ ఉంది, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. "ఇక్కడంతా మన లాంటి వాళ్లేనండీ" అని గొంతు తగ్గించి చెప్పేది. అమెరికాలో 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద జాతి, మతం చూసి కొనేవాళ్లను ఒక పేట వైపు తోయడం చట్టవిరుద్ధం. అక్కడ ఏజెంటు ఇంటి గురించి, సదుపాయాల గురించి మాట్లాడాలి గానీ పక్కింటివాళ్లు ఎవరన్నది అమ్మకపు సరుకు చేయకూడదు. చట్టం ఉన్నా లేకపోయినా ఎక్కడైనా పాటించాల్సిన మర్యాద ఇది. మనుషుల రకం చెప్పే బదులు అసోసియేషన్ నడక చెప్పండి. గత మూడు జనరల్ బాడీ మీటింగుల మినిట్స్ చూపించండి. ఆడిటైన లెక్కలు, పెద్ద మరమ్మతుల కోసం దాచే కార్పస్ ఫండ్‌లో ఎంత ఉంది, మెయింటెనెన్స్ బకాయిలు ఎంత. అద్దెకుండేవాళ్లను మీటింగుకు రానిస్తారా? ఇంటి పనికి వచ్చేవాళ్లు ఎక్కే లిఫ్టు ఏది? ఆ కాలనీ ఎలాంటిదో ఈ రెండు జవాబుల్లో తెలిసిపోతుంది.

పాత ఇళ్ల విషయంలో ఏజెంటుకు నిజమైన బలం ఉంది, కానీ దాన్ని వాడరు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7, 8 శాతం సిమెంటుదే. అందులో సగానికి పైగా ఇంధనం వల్ల కాదు, సున్నపురాయి విడిపోయేటప్పుడే వచ్చేది. గట్టిగా నిలబడి ఉన్న పాత ఇంటిని "కూలగొట్టి కట్టుకోండి, స్థలం విలువే" అని అమ్మడం కన్నా, పనికొచ్చే మరమ్మతు చెప్పి అమ్మడం మేలు. ముందు డాబా: లీకులు సరిచేసి ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ కోటింగు, దుమ్ము పట్టితే పనితనం తగ్గుతుంది కాబట్టి ఏటా కడగాలి. తర్వాత పడమటి కిటికీలు: నీడ బయటి వైపున ఇవ్వాలి, లోపల కర్టెన్ కడితే వేడి అప్పటికే గది లోపలికి వచ్చేసి ఉంటుంది. అయితే పిల్లర్లలో ఇనుము తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంటే మాత్రం రంగులేసి కప్పిపుచ్చొద్దు, ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

ఐరోపా యూనియన్‌లో 2010 నాటి నిబంధనతో ఇంటి ప్రకటనలోనే దాని ఎనర్జీ రేటింగు వేయాల్సి వచ్చింది. చట్టం చెప్పేదాకా ఆగక్కర్లేదు. ఏ ఏజెంటైనా రేపటి నుంచే తన ప్రతి లిస్టింగుకు ఒక పేజీ జతచేయవచ్చు: పన్నెండు నెలల కరెంటు బిల్లులు, పన్నెండు నెలల ట్యాంకర్ బిల్లులు, ఎస్‌టీపీ మీటరు రీడింగు, బురద రశీదు తేదీ, ఇంకుడు గుంతల కొలతలు, చివరిసారి శుభ్రం చేసిన నెల, వెనక గేటు తాళం సంగతి. అమ్మేవాళ్లు బిల్లులు ఇవ్వనంటే "ఇవ్వలేదు" అని ఆ గడిలో రాసేయండి. ఒకే కాంప్లెక్సులో నాలుగైదు ఫ్లాట్లు అమ్మేసరికి మీ దగ్గర ఉండే వివరాలు అసోసియేషన్ దగ్గర కూడా ఉండవు. వాటిని తీసుకెళ్లి వాళ్ల సెక్రటరీకి ఇవ్వండి, బ్లోయర్ రిపేరు ఖర్చును తర్వాతి మీటింగు ఎజెండాలో పెట్టించండి.