సీడీ పెడితేనే కదులుతాను

మన రాష్ట్రాల్లో ఇంతవరకూ ఎవరూ టెంటు వేసి దీక్షకు కూర్చోని సమస్య ఒకటి మిగిలిపోయింది. అది మా మావయ్య ప్రింటర్ సమస్య. ప్రింటర్ పనిచెయ్యకపోవడం కాదు. ప్రింటర్ లేకపోవడం.

ఆరేళ్ల కిందట దాన్ని ఒక సొట్టపోయిన సిల్వర్ బిందెతో కలిపి పాత సామాన్ల బండికి వేసేశాం. ఆ సంగతి మావయ్యకు తెలుసు, అత్తయ్యకు తెలుసు, బండివాడికి తెలుసు. తెలియనిది ఆ ప్రింటర్ తాలూకు ప్రోగ్రామ్‌కి ఒక్కదానికే. మావయ్య రోజూ పొద్దున్నే షాపు తలుపు తీసి, పటానికి అగరొత్తి వెలిగించి, కంప్యూటర్ ఆన్ చేస్తాడు. అగరొత్తి సగం కాలేసరికి అది తెర మధ్యకు వచ్చి నిలబడుతుంది. "ప్రింటర్ కనబడటం లేదు. కేబుల్ సరిచూసుకోండి" అని ఇంగ్లీషులో, ఎర్ర గుర్తు పెట్టి మరీ చెబుతుంది. ఓకే నొక్కితే పోతుంది. పది నిమిషాలకు మళ్లీ వస్తుంది. పక్కనే లేజర్ ప్రింటర్ బంగారంలా పనిచేస్తూ ఉంటుంది. దాన్ని ఇది ప్రింటర్ కింద లెక్కెయ్యదు. దీనికి ఆ పోయినదే కావాలి. మనుషులైనా పన్నెండో రోజుకి భోజనాలు పెట్టి కళ్లు తుడుచుకుంటారు. ఇది ఆరేళ్లుగా ఏడుస్తూనే ఉంది.

ఆ ప్రింటర్ కంపెనీ పేరు చెప్పను. చెబితే మిగతా కంపెనీలన్నీ మంచివనుకుంటారు.

మావయ్యది తెనాలిలో చిన్న షాపు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ ఆహ్వానాలు, చీటీల రశీదు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. మిషను కోర్ టూ డుయో, రెండు జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు. అంతకుమించి ఆయనకేమీ అక్కర్లేదు. ఇంటర్నెట్ కూడా పీకేశాడు.

మరి ఈ ఏడుపు ప్రోగ్రామ్ ఎలా వచ్చిందంటే, ప్రింటర్ కొన్ననాడు డబ్బాలో ఒక సీడీ ఇచ్చారు. ప్రింటర్ నడవడానికి కావలసింది నిజానికి దాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ఒక చిన్న ప్రోగ్రామ్, డ్రైవర్. పెళ్లికొడుకు అన్నమాట. కానీ పెళ్లికొడుకు ఒక్కడూ ఆటోలో రాడు కదా. నెక్స్ట్ నొక్కాం, నెక్స్ట్ నొక్కాం, ముందే టిక్కు పెట్టి ఉంచిన గళ్లను చూడకుండా ఇంకోసారి నెక్స్ట్ నొక్కాం. బస్సు నిండా మగపెళ్లివారు దిగారు. ఇంకు ఎంతుందో చూసే పెద్దమనిషి ఒకాయన, ఫొటోల ఆల్బమ్ చేసిపెట్టే మేనత్త, కొత్త వెర్షన్ వచ్చిందా అని గంటకోసారి వీధిలోకి తొంగిచూసే తోడల్లుడు, "మా సేవ మీకు నచ్చిందా" అని అడిగే కుర్రాడు, ఎవరి తరఫో ఎవరికీ తెలియని ఒక టూల్‌బార్. అందరూ గడియారం పక్కన చిన్న చిన్న బొమ్మలై వరసగా కూర్చున్నారు. పెళ్లికొడుకు పాత సామాన్ల బండెక్కి వెళ్లిపోయాడు. మగపెళ్లివారు మాత్రం విడిదింట్లోనే ఉన్నారు, ఇంకా కాఫీలు అడుగుతున్నారు.

మొన్న ఆదివారం నేను ఊరెళ్లినప్పుడు మావయ్య అన్నాడు. "ఏరా, హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగమేగా నీది. దీన్ని తీసిపారెయ్యి." అత్తయ్య కాఫీ ఇస్తూ, "పావుగంట పనేగా" అంది. నేనూ అదే అనుకున్నాను. ఇల్లు అలకడం మొదలుపెట్టకముందే పండగ చేసుకున్న రకం నేను.

కంట్రోల్ ప్యానెల్‌లో యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్ తెరిచాను. జాబితా రావడానికి పట్టిన సమయంలో కాఫీ అయిపోయింది. ఎక్స్‌పీ ఆ జాబితాలో ప్రతి ప్రోగ్రామ్ పక్కనా దాన్ని ఎంత తరచుగా వాడుతున్నామో కూడా రాస్తుంది. పేజ్‌మేకర్ పక్కన "అరుదుగా" అని ఉంది. ప్రింటర్ ప్రోగ్రామ్ పక్కన "తరచూ". ఆరేళ్లుగా రోజుకు నలభైసార్లు ఓకే నొక్కడం వాడకమే అయితే, నిజమే మరి.

రిమూవ్ నొక్కాను. ఆకుపచ్చ గళ్లు సగం దాకా వచ్చి ఆగాయి. అప్పుడు వచ్చిందా పెట్టె. దాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. "మీరు వాడదలచిన సదుపాయం సీడీలో ఉంది. ఆ సీడీ ఇప్పుడు అందుబాటులో లేదు. సీడీ పెట్టి ఓకే నొక్కండి."

వాడదలచిన సదుపాయమా? నాయనా, నేను నిన్ను వాడదలచలేదు. తీసిపారెయ్యదలచాను. రిమూవ్ అనే మాట మీదే కదా నొక్కాను. నీ సంచి నువ్వు సర్దుకుని వెళ్లిపోవడానికి, నువ్వొచ్చిన బస్సు టికెట్టు నేనెందుకు వెతకాలి? విడిది ఖాళీ చెయ్యండి బాబూ అంటే, "ఎదుర్కోలు నాడు మాకు పానకం ఇచ్చిన బిందె ఉందే, అది తెండి, అప్పుడు కదులుతాం" అన్నారట వెనకటికి ఎవరో. అలా ఉంది.

దీనికీ ఒక కారణం ఉంది, మీరు తెలుసుకోవాలి. ప్రోగ్రామ్ దిగేటప్పుడు, తన్ను తాను ఎలా తీసేసుకోవాలో రాసిన చీటీ ఒకటి విండోస్ ఫోల్డర్‌లో, ఇన్‌స్టాలర్ అనే దాచిన గదిలో పెట్టుకుంటుంది. ఆ చీటీ పోతే, అసలు సీడీ చూస్తే గానీ దానికేమీ గుర్తురాదు. ఎలా పోయింది? సీ డ్రైవ్ నిండిపోయిందని పిలిస్తే వచ్చిన రిపేరు కుర్రాడు, "ఇదంతా చెత్త సార్" అని ఆ గదంతా ఊడ్చేశాడు. రెండువందలు తీసుకుని ఊడ్చాడు.

క్యాన్సిల్ కొట్టాను. "తీసివేతలో ప్రాణాంతకమైన పొరపాటు జరిగింది" అంది. ఎవరి ప్రాణమో చెప్పలేదు. రీస్టార్ట్ చేసి, ఎఫ్8 నొక్కి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లాను. సేఫ్ మోడ్ అంటే మొండి ప్రోగ్రాములేవీ నిద్ర లేవని చోటు, అక్కడ పట్టుకుని బయటికి ఈడ్చెయ్యవచ్చని పెద్దలంటారు. పెద్దలు చెప్పనిది ఏమిటంటే, ప్రోగ్రాముల్ని తీసేసే ఆ ఇన్‌స్టాలర్ సర్వీసు కూడా సేఫ్ మోడ్‌లో నిద్రే పోతుంది. దొంగ పడుకున్నాడని వెళితే పోలీసు కూడా పక్కచాప మీదే గురకపెడుతున్నాడు.

మళ్లీ మామూలుగా తెరిచి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దాని ఫోల్డర్‌నే డిలీట్ చేశాను. వాడుకలో ఉంది, కుదరదంది. టాస్క్ మేనేజర్‌లో ఒక్కొక్కణ్నీ మెడపట్టి ఆపాను. ఒకణ్ని ఆపితే ఇంకొకడు వాణ్ని మళ్లీ లేపుతున్నాడు. ఇద్దరినీ ఒకేసారి ఆపడానికి మావయ్య వేలు కూడా అరువు తీసుకున్నాను. మొత్తానికి ఫోల్డర్ పోయింది. జాబితాలో పేరు పోలేదు. ఆ పేర్లుండేది రిజిస్ట్రీ అనే విండోస్ చిట్టాలో. ఫోల్డర్ తగలబెట్టినా ఓటరు జాబితాలో పేరు పేరే. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఏడిచే ముక్క అసలా ఫోల్డర్‌లోనే లేదు, సిస్టమ్ ఫోల్డర్‌లో వేరే పేరుతో కాపురం పెట్టింది. పది నిమిషాలయ్యాక ప్రింటర్ కనబడటం లేదంది.

ఇలాంటివాటిని చీపురుతో ఊడ్చే ఉచిత పరికరం ఒకటి ఒకప్పుడు ఉండేది. వేరే ప్రోగ్రాముల్ని కూడా పాడుచేస్తోందని ఇచ్చినవాళ్లే 2010లో దాన్ని వెనక్కి తీసేసుకున్నారు. చీపురుని ఊడ్చారు. చెత్తని ఉంచారు.

ఇక ఫోన్లు మొదలుపెట్టాను. మొదటివాడు, "రీస్టార్ట్ చేసి చూశావా?" అన్నాడు. వాడితో స్నేహం ఇంకా ఉంది కాబట్టి వదిలేద్దాం. రెండోవాడు నవ్వాడు. "ఎక్స్‌పీనా? ఫార్మాట్ కొట్టెయ్యరా బాబూ. లేదా కొత్తది కొనిపెట్టు మీ మావయ్యకి. ఇంకా ఆ డబ్బా ఏమిటి?"

ఇక్కడ నాకు నవ్వు రాదు. క్షమించండి.

ఫార్మాట్ కొట్టడమంటే ఏమిటో వాడికి తెలుసా? ఆ డబ్బాలో పద్ధెనిమిదేళ్ల తెనాలి ఉంది. పెళ్లయినవాళ్లు, పోయినవాళ్లు, షష్టిపూర్తులు, గృహప్రవేశాలు. తాత షష్టిపూర్తి కార్డు తయారైన ఫైల్లోనే పేర్లు మార్చి మనవరాలి బారసాల కార్డు వేస్తాడు మావయ్య. ఆ ఫైళ్లన్నీ పాత ఫాంట్ల అక్షరాలు. అంటే లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ తెలుగు ముఖాలు తొడిగారు, అంతే. ఫాంటు తీసేస్తే "శ్రీరస్తు" కాస్తా ఏ భాషా కాని గీతలూ చుక్కలూ అవుతుంది. అన్ని భాషల అక్షరాలకీ ఒకే పద్ధతిలో అంకెలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది. కానీ మావయ్య రోజంతా కూర్చునే పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. అదీ 2001దే. ఆ 7 తర్వాత 8 రానేలేదు. కంపెనీ ఇంకో ప్రోగ్రామ్ చేసుకుని దాని దారిన అది పోయింది. మన అక్షరాలు ఈ ఒడ్డునే ఉండిపోయాయి.

కొత్తది కొనాలట. కొత్త మిషన్లలో 64 బిట్ విండోస్ ఉంటుంది. అది మరీ పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాముల్ని గడప తొక్కనివ్వదు. ఆ కాలంలో చాలా ప్రోగ్రాములు తాము 32 బిట్ అయినా, దించే సెటప్ మాత్రం 16 బిట్‌దే. అంటే మనిషికి ప్రవేశం ఉంది, మనిషిని తెచ్చిన రిక్షాకి లేదు. కంపాటిబిలిటీ మోడ్ పెట్టుకోమంటారు. "ఇది పాత విండోసేనమ్మా, భయపడకు" అని ప్రోగ్రామ్‌తో అబద్ధమాడటం అది. కొన్ని నమ్ముతాయి, కొన్ని నమ్మవు.

అసలు పాతది అని ఎవడన్నాడు? 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆపేశామన్నారు. ఆ రోజు మావయ్య షాపులో ఫ్యాను కూడా ఆగలేదు. మర్నాడు కార్డులు మామూలుగానే వెళ్లాయి. ఇంటర్నెట్‌కి తగిలిస్తే ప్రమాదం, ఒప్పుకుంటాను, అందుకే పీకేశాడు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి కూడా అదే మాట చెప్పారు. కావాలంటే పేరు నమోదు చేసుకోండి, ఇంకో ఏడాది ఊపిరి పోస్తామన్నారు. పదకొండుకి వెళదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలట. లేనివాటిని ఏం చెయ్యాలి? నిక్షేపంలా నడుస్తున్నవాటిని? బండికెయ్యాలి, సిల్వర్ బిందెతో కలిపి. ఒక మనిషి ఇరవై ఏళ్లు చేతివేళ్లతో నేర్చుకున్న కీబోర్డు లేఅవుట్ని ఏ బండికెయ్యాలో కూడా చెప్పండి. ప్రోగ్రామ్ రాసినవాడు పోయే దారి సరిగ్గా రాయలేదు. ఆ తప్పు వాడిది. దానికి "మీ మిషను పాతదండీ" అని యాభై ఎనిమిదేళ్ల మనిషిని కౌంటరు ముందు నిలబెట్టి సిగ్గుపడేలా మాట్లాడతారా? గడ్డి తింటున్నారా?

సరే. సీడీ దగ్గరికొస్తాను.

సీడీ ఉంది. మావయ్య ఏదీ పారెయ్యడు. మేడమీద దానిమ్మ మొక్కకి పురికొసతో వేలాడుతోంది, పిట్టలు రాకుండా. నాలుగు వానాకాలాలు తడిసింది. దించుకొచ్చి, పంచెతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూస్తే అవతల అత్తయ్య కనిపించింది. అయినా పెడదామన్నాడు మావయ్య. డ్రైవ్ తలుపు తెరుచుకోలేదు. దానికి ముందువైపు సూది పట్టే చిల్లు ఒకటి ఉంటుంది, గుండుసూది వంచి గుచ్చితే ట్రే బయటికొస్తుంది. వచ్చింది. అందులో అప్పటికే ఒక సీడీ ఉంది. 2011 నాటి ఎవరిదో పెళ్లి. ఇద్దరం కాసేపు అది చూశాం. పెళ్లికొడుకుని మావయ్య గుర్తుపట్టాడు, డబ్బులు ఇంకా ఇవ్వలేదట.

దానిమ్మ చెట్టు సీడీ పెట్టాం. గిర్రున తిరిగింది, ఆగింది, దగ్గింది, మళ్లీ తిరిగింది. గళ్లు కదిలాయి. మావయ్య నా భుజం పట్టుకున్నాడు. ముప్పావు దాకా వచ్చాక కొత్త పెట్టె. "ఈ ఫైలును పలు ప్రోగ్రాములు పంచుకుంటాయి. ఇప్పుడెవరూ వాడటం లేదని తోస్తోంది. తీసేస్తే, ఒకవేళ ఎవరైనా వాడుతూ ఉంటే, వారు పనిచెయ్యకపోవచ్చు. తీసెయ్యమంటారా? అవును. అన్నిటికీ అవును. కాదు. అన్నిటికీ కాదు." తోస్తోందట! లెక్కలు రాసుకునేది నువ్వు, ఫైలు పెట్టింది నువ్వు, నీకు తోచడం ఏమిటి?

"అది అక్షరాల ఫైలు కాదుగా?" అన్నాడు మావయ్య.

నాకు తెలియదు. ఇంత ఉద్యోగం చేస్తున్నాను, నాకు తెలియదు. బాణం గుర్తు "అవును"కీ "కాదు"కీ మధ్య తిరుగుతోంది.

అప్పుడు గుమ్మంలోకి ఇద్దరు వచ్చారు. పెద్దకర్మ కార్డులు, రెండువందలు, పొద్దుటికల్లా కావాలి. ఫొటో ఫోన్లో ఉంది. మావయ్య వాళ్లకు కుర్చీలు చూపించి, నా చేతిలోంచి మౌస్ తీసుకున్నాడు. ఆ పెట్టెను పైన పట్టుకుని, మెల్లగా తెర కుడివైపు అడుగుకి లాక్కుపోయి, నీలం పట్టీ ఒక్క వేలెడు మాత్రం కనబడేలా అక్కడ వదిలేశాడు. పేజ్‌మేకర్ తెరిచాడు.

"పేరు చెప్పండమ్మా," అన్నాడు.