‘వద్దు’ అంటే సీటు భద్రం

మన దగ్గర పెరోల్ అంటే తల్లి అంత్యక్రియలకో, కూతురి పెళ్లికో ఖైదీకి ఇచ్చే కొద్దిరోజుల సెలవు. అమెరికాలో నేనుండే ఇల్లినాయ్ రాష్ట్రంలో అలా కాదు. శిక్ష ముగియకముందే మనిషిని విడిచిపెట్టి బయట నిఘాలో ఉంచుతారు. దాన్ని తేల్చేది ప్రిజనర్ రివ్యూ బోర్డు. సభ్యులు 15 మంది. గవర్నర్ నియమిస్తారు, రాష్ట్ర సెనేట్, అంటే శాసనసభలో ఎగువ సభ, ఆమోదించాలి.

ఆ ఆమోదం ఉండి తీరాలి. అందుకే గవర్నర్ ప్రిట్జ్‌కర్ చేసింది నాకు నచ్చలేదు. సెనేట్‌కు ఇచ్చిన గడువు ముగిసేలోపు కొందరి పేర్లు వెనక్కి తీసుకుని, మళ్లీ వాళ్లనే నియమించారు. అలా ఓటింగే లేకుండా వాళ్లు బోర్డులో కొనసాగారు.

2022 మార్చిలో సెనేట్ చేసింది ఇంకా బాధ కలిగించింది. 59 మంది సెనేటర్లలో 41 మంది గవర్నర్ పార్టీ వాళ్లే. అయినా గవర్నర్ నియమించిన ఇద్దరు సభ్యులకు కావలసిన 30 ఓట్లు పడలేదు. మరొకరు ఓటింగ్‌కు ముందే రాజీనామా చేశారు. చివరికి 15 మంది ఉండాల్సిన బోర్డులో 6 మంది మిగిలారు.

గొడవంతా ఎవరిని విడిచిపెట్టారన్న దాని మీదే. 1970లో షికాగోలో కాబ్రినీ-గ్రీన్ అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయం దగ్గర ఇద్దరు పోలీసులను చంపిన కేసులో ఒక ఖైదీకి 2021లో పెరోల్ దొరికింది. ఆ పోలీసుల కుటుంబాల కోపం నాకు అర్థమవుతుంది. కానీ 50 ఏళ్లు జైల్లో ఉన్న మనిషి గురించి ఫైలు చదివి ‘సరే’ అన్న సభ్యుడి ఉద్యోగం పోతే, పక్క సభ్యుడు ఏం నేర్చుకుంటాడు? ప్రతి ఫైలు మీదా ‘వద్దు’ అని రాస్తే ఏ సెనేటరూ తనను నిలదీయడని. ఇలా బోర్డు ఫైలు చూసి విడుదల తేల్చే పాత పెరోల్ పద్ధతిని ఇల్లినాయ్ 1978లోనే కొత్త కేసులకు ఆపేసింది. అంతకు ముందు శిక్షపడి ఇంకా లోపలున్నవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. వాళ్ల ఫైలు చదవడానికి ధైర్యమున్న మనిషి కావాలి.

మరి సెనేట్ ఊరుకోవాలా? అస్సలు కాదు. 2024 మార్చిలో, నిఘాలో బయట ఉండగా మాజీ భాగస్వామిని బెదిరించాడని మళ్లీ జైలుకెళ్లిన ఒకడిని బోర్డు వదిలేసింది. బయటికొచ్చిన మర్నాడే షికాగోలో ఆమె కొడుకును, 11 ఏళ్ల పిల్లవాడిని, చంపేశాడు. తల్లిని పొడిచాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఆ కేసు చూసిన సభ్యురాలు, బోర్డు ఛైర్మన్ ఇద్దరూ రాజీనామా చేశారు. కానీ సెనేటర్లు అడగాల్సినవి నియామకం రోజునే అడగాలి. గృహహింస కేసుల గురించి మీకేం తెలుసు? బెదిరింపు ఫిర్యాదును ఎలా పరిశీలిస్తారు? విచారణకు ముందు ఫైలు మొత్తం చదువుతారా? ‘వద్దు’ అన్నప్పుడు కూడా కారణం రాస్తారా?

మొన్న మా సెనేటర్ ఆఫీసుకు ఫోన్ చేసి రెండే అడిగాను. పేరు వచ్చిన రెండు నెలల్లో ఓటు వేయండి, ఎటు వేసినా సరే. ఇంటర్వ్యూలో ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. ఫోనెత్తిన అమ్మాయి రాసుకుంటానంది. వచ్చే వారం మళ్లీ చేస్తాను.